అడుగుల లెక్క అందుతోంది, మా కాజ్‌వే కబురు అందడం లేదు

(రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు బహిరంగ లేఖ)

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. క్యూసెక్కుల్లో చెప్పాలంటే 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షలు. పైన భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. ఈ అంకెలు కోనసీమలో బడిముఖం చూడని పెద్దవాళ్లకు కూడా నోటికి వచ్చు. ఎర్రనీరు దిగిన రోజు నుంచి రేవుల్లో, టీకొట్ల దగ్గర మాటంతా వీటి మీదే. అయితే ఈ అంకెలన్నీ తెలిసిన మనిషికి కూడా తన రేవులో పంటు ఏ పూట ఆగిపోతుందో, తన ఊరి కాజ్‌వే మీదకు నీళ్లు ఏ గంటకు ఎక్కుతాయో తెలియదు. ఆ గంట చెప్పగల ఏర్పాటు గురించే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది వశిష్ఠ పాయ పక్కన లంక గ్రామం. మీ సంస్థ పనిచేయడం లేదని ఫిర్యాదు చేయడానికి కలం పట్టలేదు. మీ దగ్గర నుంచి వచ్చే సందేశాలు మాకు నిజంగానే ఉపయోగపడుతున్నాయి. పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడవద్దని మండలం పేరుతో సహా తెలుగులో ఫోన్‌కు సందేశం వస్తోంది. పొలంలో ఉన్నవాళ్లు అది చూసి ఇంటికి వచ్చేయడం నా కళ్లతో చూశాను. నిమిషాల్లో పుట్టి నిమిషాల్లో పోయే పిడుగు విషయంలో మండలం పేరు చెప్పగలుగుతున్నప్పుడు, భద్రాచలం నుంచి ధవళేశ్వరం రావడానికి దాదాపు ఒక రోజు తీసుకునే వరద విషయంలో ఊరి పేరు ఎందుకు చెప్పలేకపోతున్నాం? కావలసిన లెక్కలు లేక కాదు. కేంద్ర జల సంఘం దగ్గర అంచనాలున్నాయి. జలవనరుల శాఖ దగ్గర కాటన్ బ్యారేజీ నాలుగు విభాగాల్లోని 175 గేట్ల లెక్క గంటగంటకూ ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దగ్గర మునిగిన నేలల ఉపగ్రహ చిత్రాలున్నాయి. రెవెన్యూ వాళ్ల దగ్గర ప్రతి ముంపు గ్రామం జాబితా ఉంది. ఇవన్నీ ఒకచోట కలిసి, మా వీఆర్వో చేతిలోని ఫోన్‌లో ఒక వాక్యంగా రావడమే మిగిలింది. ఏళ్లుగా ఆలస్యమవుతున్నది సరిగ్గా ఆ చివరి పనే.

కనకాయలంక పేరు మీకు తెలిసే ఉంటుంది. వరద వార్తల్లో మొదట కనిపించే పేర్లలో అదొకటి. ఆ ఊరు పశ్చిమగోదావరి జిల్లా యలమంచిలి మండలంలో ఉంది. ఊళ్లోకి వెళ్లే కాజ్‌వే మాత్రం కోనసీమ జిల్లా పి.గన్నవరం మండలం చాకలిపాలెం వైపు నుంచి. కాజ్‌వే మునిగితే ఆ ఊరివాళ్లు పడవ దిగేది కోనసీమలో, వాళ్ల పేర్లుండేది భీమవరం కలెక్టరేట్‌లో. పడవ పెట్టాల్సింది ఎవరు, బియ్యం ఇవ్వాల్సింది ఎవరు, నిండు గర్భిణిని ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలి? ఇవన్నీ వరద వచ్చాక ఒక తహశీల్దారు ఇంకో తహశీల్దారుకు ఫోన్ చేసి తేల్చుకోవాల్సిన సంగతులయ్యాయి. ఆ అధికారులు మంచివాళ్లయితే అరగంటలో తేలుతుంది. ఫోన్ కలవకపోతే పూట గడుస్తుంది. జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోయే సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా కనకాయలంకకు పనికిరాదు.

2022లో ఈ చిక్కు ఇంకా పెద్దదయింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మూడు నెలలు తిరిగేసరికి, జూలై 16న భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంతకుముందు రెండు జిల్లాలు చూసుకునే వరదను ఆరు జిల్లాలు పంచుకోవాల్సి వచ్చింది. చాలా ఆఫీసుల్లో కుర్చీలు కూడా సర్దుకోని సమయం అది. ఆగస్టు దాకా పెద్ద వరద రాదనుకున్న రైతులు పశువులను లంకల్లోనే ఉంచారు.

అప్పుడు మాకు దగ్గరలోని ఒక పునరావాస కేంద్రంలో చూసింది చెబుతాను. అది ఉన్నత పాఠశాల. వరండాలో బల్ల మీద సచివాలయ ఉద్యోగి ఒకాయన పొడుగాటి నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. కుటుంబ యజమాని పేరు, రేషన్ కార్డు నంబరు, మనుషులు ఎంతమంది, గేదెలు ఎన్ని. రాసిన పేజీని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో మండల ఆఫీసుకు పంపితే అక్కడ ఇంకొకరు కంప్యూటర్‌లో ఎక్కించేవారు. మర్నాడు 25 కిలోల బియ్యం, పప్పు, ఉల్లిపాయలు ఇవ్వడానికి అవే పేర్లు మళ్లీ రాశారు. కుటుంబానికి 2,000 రూపాయల సాయం ప్రకటించాక మూడోసారి రాశారు. మూడు జాబితాలూ ఒకదానికొకటి కుదరలేదు. వేరు కాపురం పెట్టి ఆరేళ్లయినా కార్డు విడదీసుకోని ఒక కోడలి పేరు మొదటి జాబితాలో ఉంది, రెండో దాంట్లో ఉంది, మూడో దాంట్లో అత్తగారి కార్డు కింద కలిసిపోయింది. ఆవిడ తడిసిన సంచిలో కాగితాలు పట్టుకుని రెండు రోజులు ఆ బల్ల చుట్టూ తిరిగింది. ఆ ఉద్యోగిని నేను తప్పుపట్టను. ఆయన మూడు రాత్రులు నిద్రపోలేదు, మధ్యలో తన ఇంట్లోకి నీళ్లొచ్చినా వెళ్లలేదు. ఒక్కసారి రాస్తే మూడు పనులకూ అక్కరకొచ్చే ఏర్పాటు ఆయన చేతికి ఇవ్వనిది మనం.

విపత్తు సమాచార వ్యవస్థ అనగానే పెద్ద తెరలు, రంగురంగుల పటాలు గుర్తొస్తాయి. 2017 నవంబరులో వెలగపూడి సచివాలయంలో రియల్ టైమ్ గవర్నెన్స్ (ఆర్టీజీఎస్) కమాండ్ సెంటర్ ప్రారంభమైనప్పుడు ఆ తెరలను టీవీలో చూసి మేమూ సంతోషించాం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతున్నప్పుడు ముఖ్యమంత్రి అక్కడి నుంచే సమీక్ష చేశారు. పైనుంచి చూసే కన్ను అవసరమే. కానీ ఆ తెరకు లెక్క పంపేది ఈ వరండాలోని నోటుపుస్తకం. అడుగున పని కాగితం మీద నడుస్తున్నంత కాలం పైనున్న తెర చూపించేది నిన్నటి పరిస్థితే.

ఆలస్యం మనకు కొత్త కాదు గనక పాత సంగతి ఒకటి గుర్తుచేయాలి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపానులో వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాల్లో వేటకెళ్లిన పడవలు తిరిగి రాలేదు. పడిపోయిన కొబ్బరితోటలు మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో పనులు మొదలయ్యాయి. 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశాలకు జాతీయ తుపాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టు వచ్చింది. షెల్టర్లు, వాటికి రోడ్లు, వంతెనలు, వాటితోపాటు తీరగ్రామాల దాకా హెచ్చరిక చేరవేసే వ్యవస్థ కూడా అందులో భాగం. 2015 అక్టోబరుకు అంతా పూర్తి కావాలి. గడువు పొడిగిస్తూ 2018 చివరి దాకా తీసుకెళ్లారు. షెల్టర్లు ముందు లేచాయి, హెచ్చరిక వ్యవస్థ వెనకబడింది. కాంక్రీటు పనికి కొలత ఉంటుంది, బిల్లు ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. సమాచారం చేరవేసే పనికి అవేమీ ఉండవు. అందుకే అది ఎప్పుడూ ఆఖర్న మిగిలిపోతుందని నా అభిప్రాయం.

ఆ ఏడేళ్లు తుపానులు ఆగలేదు. 2012లో నీలం వానలకు డెల్టా వరి నీటిపాలైంది. 2013లో ఫైలిన్, హెలెన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కుదిపేసి సెల్ టవర్లను పడగొట్టింది. 2018 డిసెంబరు 17న, ప్రాజెక్టు గడువు ఇక రెండు వారాలుందనగా, పెథాయ్ మన కాట్రేనికోన తీరానికే వచ్చింది. అదే ప్రాజెక్టు కింద ఒడిశా 2018 ఏప్రిల్‌లో ఆరు తీరజిల్లాల్లో 122 చోట్ల సైరన్ టవర్లతో తన వ్యవస్థను ప్రారంభించింది. వాళ్లకూ ఆలస్యమే అయింది. కానీ మరుసటి ఏడాది మే 3న ఫణి వచ్చేసరికి అది చేతిలో ఉంది. పన్నెండు లక్షల మందిని ముందే తరలించారు. ఆ విజయం సైరన్లదే అనను. ఊరూరా కమిటీలు, ఏటేటా చేసే కసరత్తు దాని వెనకున్నాయి. సైరన్ మోగితే ఎటు నడవాలో అక్కడి పిల్లలకు కూడా తెలుసు.

సమాచారం ఉండీ చేరాల్సినవాళ్లకు చేరకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒడిశా దాకా వెళ్లనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ లాంచీ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే బతికి బయటపడ్డారు. ఆ రోజు గోదావరి వరద మీదే ఉంది. ఎంత నీరు పోతోందో ధవళేశ్వరంలో తెలుసు. కచ్చులూరు మలుపు దగ్గర సుడి సంగతి సరంగులకు తెలుసు. లాంచీ రేవు వదలాలా వద్దా అని నిర్ణయించే చోట మాత్రం ఈ రెండూ కలవలేదు. ఆ తర్వాతే రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టాలన్న నిర్ణయం జరిగింది. నీరు ఇంతకు మించితే ఈ రేవు నుంచి ఏ పడవా కదలదు అన్న మాట ఒక అంకెగా వ్యవస్థలోకి ఎక్కి ఉంటే, అనుమతి ఇచ్చేవాడి దయాదాక్షిణ్యాలతో పని ఉండేది కాదు.

అలాగని రేపే హడావిడిగా ఏదో ఒకటి ప్రారంభించమని నేను కోరడం లేదు. లండన్ అంబులెన్స్ సర్వీసు 1992 అక్టోబరు 26న కొత్త కంప్యూటర్ వ్యవస్థను ఒక్కసారిగా నగరమంతా అమల్లో పెట్టింది. ఒకే చోటికి రెండు వాహనాలు వెళ్లాయి, కొన్ని చోట్లకు గంటల తరబడి ఒక్కటీ వెళ్లలేదు. రోజుల్లోనే చేతిరాతకు వెనక్కి రావాల్సి వచ్చింది. అదే దేశం 2004లో ఇంగ్లండు అగ్నిమాపక కంట్రోల్ రూములు నలభై ఆరింటిని తొమ్మిదిగా కలిపే పథకం మొదలుపెట్టింది. వాయిదాల మీద వాయిదాలు వేసి 2010 డిసెంబరులో రద్దు చేసింది. కనీసం 46 కోట్ల 90 లక్షల పౌండ్లు వృథా అయ్యాయని వాళ్ల ఆడిట్ సంస్థే తేల్చింది. భవనాలు కట్టేశారు, లోపల నడవాల్సిన సాఫ్ట్‌వేర్ రాలేదు. ఈ రెండు సంగతుల్లోనూ ఆ పరికరాన్ని రాత్రీ పగలూ వాడాల్సినవాళ్ల మాట ఎవరూ సరిగా వినలేదు. అందుకు భిన్నంగా 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత శ్రీలంకలో కొందరు కంప్యూటర్ నిపుణులు స్వచ్ఛందంగా కూర్చుని, తప్పిపోయినవాళ్ల జాబితా, శిబిరాల లెక్క, సాయం వివరాలు ఒకచోట చూసుకునే ‘సహన’ అనే సాఫ్ట్‌వేర్‌ను వారాల్లోనే తయారుచేశారు. ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ప్రపంచానికి వదిలేశారు. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. కాకినాడలో జేఎన్‌టీయూ ఉంది, తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది. గోదావరి గట్టున పుట్టి ఈ పని తెలిసిన పిల్లలు ఎంతమందో ఉన్నారు.

కాబట్టి టెక్నాలజీ లేక ఆలస్యమవుతోందంటే నేను ఒప్పుకోను. ఒక శాఖ దగ్గరున్న లెక్క ఇంకో శాఖకు ఎవరు, ఏ రూపంలో, ఎంతసేపట్లో ఇవ్వాలన్న చోట పని ఆగుతోంది. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, యాప్ మారుతుంది, పాసువర్డులు మారతాయి. కిందటి వరదలో నేర్చుకున్న ఉద్యోగి బదిలీ అయిపోతాడు. 2022లో ఇంటింటికీ తిరిగి లెక్కలు తెచ్చిన వాలంటీర్ల వ్యవస్థ ఇప్పుడు లేదు. వాళ్ల ఫోన్లలో ఉన్న సమాచారం ఏమైందో గ్రామంలో ఎవరూ చెప్పలేరు. పైన పోలవరం స్పిల్‌వే మీదుగా నదిని మళ్లించిన 2021 నుంచి కూనవరం, వి.ఆర్.పురం వైపు పాత అంచనాలు పనిచేయడం లేదని అక్కడివాళ్లు మొత్తుకుంటున్నారు. తాతల నాటి అనుభవం మీద ఆధారపడే వీలు కూడా తగ్గిపోతున్న కాలంలో సరైన లెక్క మరింత అవసరం.

ఇప్పుడు మీ చేతికి చట్టం కూడా వచ్చింది. విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో చేసిన సవరణ ప్రకారం ప్రతి రాష్ట్రమూ విపత్తుల సమాచార నిధిని ఏర్పాటు చేయాలి. ముప్పు తీవ్రత, నిధుల ఖర్చు, సన్నద్ధత ప్రణాళికలు అందులో ఉండాలి. ఫోన్ నంబరుతో పని లేకుండా టవర్ పరిధిలోని ప్రతి ఫోన్‌నూ మోగించే సెల్ బ్రాడ్‌కాస్ట్‌ను కేంద్ర టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసింది. 2023లో పరీక్షగా పంపినప్పుడు మా ఫోన్లు ఒక్కసారిగా మోగితే ముసలివాళ్లు బెదిరిపోయారు, తర్వాత సంగతి తెలిసి మెచ్చుకున్నారు. దారి ఉంది. ఆ దారిన మా లంకకు పంపాల్సిన మాట తయారు కావాలి.

ఆ మాట ఎలా ఉండాలో మేము చెప్పగలం. “ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులు, రెండో ప్రమాద హెచ్చరిక జారీ” అన్నది ఇంజినీర్లకు సరిపోతుంది. మాకు కావలసింది ఇది: “రేపు తెల్లవారుజాము నాలుగింటికి మీ కాజ్‌వే మీదకు నీరు ఎక్కవచ్చు. పశువులను ఈ రాత్రికే గట్టు మీదకు చేర్చండి. పడవలు ఫలానా రేవులో ఉంటాయి. మీకు పునరావాసం ఫలానా బడి.” ఈ నాలుగు వాక్యాలు రావాలంటే ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుంటే ఏ కాజ్‌వే, ఏ వీధి మునుగుతాయో ప్రతి లంకకూ ఒక పట్టిక ఉండాలి. అది తయారు చేయడానికి ఉపగ్రహం ఒక్కటే చాలదు. 1986 ఆగస్టులో భద్రాచలం 75.6 అడుగులు తాకినప్పుడు, 2006లో, 2020లో, 2022లో ఏ గోడకు ఎంతదాకా నీళ్లొచ్చాయో చూపించే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. లాకుల దగ్గర లస్కర్లున్నారు, పడవ సరంగులున్నారు. వాళ్లను కూర్చోబెట్టి రాసుకుంటే ఒక్కో ఊరికి ఒక రోజు పని. ఆ పెద్దవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. ఈ ఆలస్యంలో పోగొట్టుకునేది మాత్రం తర్వాత ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు.

పశువుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పునరావాస కేంద్రానికి జనం ఎందుకు రారని అధికారులు విసుక్కుంటుంటారు. గేదెలను వదిలి రారు, అంతే. పాడి మీద బతికే ఇంటికి ఆ రెండు గేదెలే ఆస్తి. మనుషుల లెక్కతోపాటు పశువుల లెక్క, వాటిని ఎక్కించే పంటు, గట్టు మీద గడ్డి ఎక్కడ దొరుకుతుందో కూడా మీ సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే, తరలించినట్టు తెర మీద కనిపించే కుటుంబంలో ఒక మగమనిషి ఇంకా లంకలోనే ఉంటాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి, కరెంటు. వరద వస్తే ముందు తీసేది అదే, తీయాలి కూడా. టవర్ బ్యాటరీ కొన్ని గంటలే. అందుకని మా ఉద్యోగుల ఫోన్‌లో ఉండే యాప్ నెట్‌వర్క్ లేకపోయినా పేర్లు రాసుకుని, సిగ్నల్ దొరికినప్పుడు పంపేలా ఉండాలి. అది కూడా ఆగిపోయే రాత్రి కోసం దండోరా, గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు అలాగే ఉండనివ్వాలి. కొత్తది నిలదొక్కుకునేదాకా నోటుపుస్తకాన్ని తీసేయవద్దు.

అయ్యా, నా విన్నపం పెద్దదేమీ కాదు. ఏ పని ఎంతవరకు వచ్చింది, ఏ శాఖ దగ్గర ఆగింది, ఏ తేదీకి పూర్తవుతుందన్నది తెలుగులో రాసి, ప్రతి లంక గ్రామ సచివాలయం గోడ మీద అంటించండి. తేదీ తప్పితే కారణం కూడా అదే గోడ మీద రాయండి. నైరుతి వానలు మొదలయ్యే లోపు ఒక్క కనకాయలంకలో, పైన ఒక్క కూనవరంలో పూర్తిస్థాయి కసరత్తు చేసి చూపించండి. భీమవరం, అమలాపురం కలెక్టరేట్లు రెండూ ఒకే జాబితా చూస్తున్నాయో లేదో ఆ రోజే తెలిసిపోతుంది. లోపాలు బయటపడితే దాచవద్దు. వాటిని సరిదిద్దడానికి మా ఊళ్లు సిద్ధంగా ఉన్నాయి. మీ బృందం వస్తే ఏ మెరక ఎప్పుడు మునిగిందో వెంట తిరిగి చూపించే పూచీ మాది.

ఇట్లు,
వశిష్ఠ గట్టు నుంచి
ఒక లంక గ్రామస్థుడు